మెడిసిన్‌కి అప్లై చేస్తున్న శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వూ మీ నాన్నా తిప్పి తిప్పి అడిగింది ఒకటే ప్రశ్న. ఎంత స్కోరు వస్తే ఏ యూనివర్సిటీలో మెడిసిన్ సీటు వస్తుంది? అది ఫోన్లో తేలే సంగతి కాదు, రాస్తానన్నాను. తీరిగ్గా చదువు. అమ్మకీ నాన్నకీ కూడా చూపించు.

మన ఇళ్లలో ఎంసెట్ రోజుల నుంచీ మెడిసిన్ అంటే ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఆ ర్యాంకుకు దక్కిన కాలేజీ. ఎంసెట్ స్థానంలో నీట్ వచ్చినా పద్ధతి అదే. బ్రిటన్‌లో అది పనిచేయదు. ఇక్కడ దేశం మొత్తానికి కలిపి ర్యాంకుల జాబితా అంటూ లేదు. ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో ప్రతి మెడికల్ స్కూలూ తన లెక్క ప్రకారం తేల్చుకుంటుంది. ఒకచోట జీసీఎస్ఈ (పదహారేళ్లకి రాసే, మన టెన్త్ లాంటి పరీక్షలు) గ్రేడ్లు చూస్తారు, ఇంకోచోట యూక్యాట్ (మెడిసిన్ ప్రవేశ పరీక్ష) స్కోరు ఒక్కటే చూస్తారు. ఒకే అమ్మాయికి ఒక స్కూలు ఇంటర్వ్యూ కూడా ఇవ్వదు, పక్క ఊరి స్కూలు సీటిస్తుంది. ఇక్కడ డాక్టరుగా ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్న అనుభవంతోనూ, మనవాళ్ల పిల్లల అప్లికేషన్లు చూసిన అనుభవంతోనూ చెప్తున్నాను. తెలివి చాలక ఆగిపోయిన పిల్లలు తక్కువ. తమ దగ్గర ఉన్నదానికి విలువ లేని చోట్లకి అప్లై చేసి ఆగిపోయినవాళ్లు చాలామంది.

అయితే వీటన్నిటికంటే ముందు ఫీజు సంగతి తేలాలి. మన కుటుంబాల్లో పిల్లల చదువు దగ్గర డబ్బు మాట ఎత్తడం తప్పన్నట్టు చివరిదాకా దాటేస్తారు. అలా చేయకండి. ఇంగ్లండ్‌లో హోం స్టూడెంట్‌కి 2025-26లో ఏడాదికి ఫీజు 9,535 పౌండ్లు. దానికి స్టూడెంట్ లోన్ ఉంది, ఐదో ఏడాది నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఇచ్చే బర్సరీ అనే సాయం కూడా ఉంది. అదే క్లాసులో ఓవర్సీస్ స్టూడెంట్ ఏడాదికి నలభై, యాభై వేల పౌండ్లు కడతాడు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ఆ లోనూ ఉండదు, బర్సరీ కూడా ఉండదు. ఐదేళ్లకి రెండు, రెండున్నర లక్షల పౌండ్లు, ఇంటి అద్దె, తిండి ఖర్చు కాకుండా. పైగా మెడిసిన్‌లో ఓవర్సీస్ పిల్లలకి కేటాయించే సీట్లు మొత్తంలో సుమారు ఏడున్నర శాతమే. అంటే డబ్బున్నా పోటీ గట్టిగానే ఉంటుంది.

నువ్వు ఇక్కడే స్కూల్లో చదివావు, జీసీఎస్ఈలు ఇక్కడే రాశావు కాబట్టి హోం ఫీజే అనుకుంటున్నారు మీ అమ్మా నాన్నా. అది చాలదు. కోర్సు మొదలయ్యే విద్యా సంవత్సరం తొలి రోజుకి, అంటే సెప్టెంబరు 1 నాటికి, అంతకుముందు మూడేళ్లుగా ఇక్కడే నివాసం ఉండాలి, ఆ రోజుకి సెటిల్డ్ స్టేటస్ కూడా చేతిలో ఉండాలి. మనలాంటి వాళ్లకి అది ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి. మీరు డిపెండెంట్ వీసా మీద వచ్చింది నవంబరులో. ఐఎల్ఆర్ కూడా నవంబరులోనే వస్తుందనుకో, సెప్టెంబరులో చేరితే నువ్వు ఓవర్సీస్ స్టూడెంట్‌వే. చేరాక మధ్యలో ఐఎల్ఆర్ వస్తే ఫీజు తగ్గుతుందని లెక్క వేసుకోవద్దు. ఇలాంటప్పుడు ఒక ఏడాది ఆగి చేరితే మీ నాన్న ఇల్లు తాకట్టు పెట్టాల్సిన అవసరమే రాకపోవచ్చు. ఇంకో సంగతి, ఐఎల్ఆర్‌కి ఐదేళ్లు కాదు పదేళ్లు కావాలంటూ 2025 మేలో ప్రభుత్వం వైట్ పేపర్ (విధాన ప్రతిపాదన) తెచ్చింది. మీ వీసాకి ఏ రూలు వర్తిస్తుందో వాట్సాప్ గ్రూపుల్లో అడక్కుండా ఇమిగ్రేషన్ సొలిసిటర్‌ని అడగమను. ఫీజు స్టేటస్ రూల్స్ యూకేసీసా (విదేశీ విద్యార్థులకి సలహాలిచ్చే సంస్థ) వెబ్‌సైట్‌లో వివరంగా ఉంటాయి. అవి చదివాక, అనుమానం ఉంటే మీ పరిస్థితి రాసి యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. జవాబు రాతలో తెప్పించుకోండి. మీ తమ్ముడి గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. పద్దెనిమిది ఏళ్లు నిండేసరికి జీవితంలో సగం ఇక్కడే గడిపిన పిల్లలకి ఐఎల్ఆర్ లేకపోయినా హోం ఫీజు వచ్చే దారి ఇంగ్లండ్ రూల్స్‌లో ఉంది. వాడు ఎనిమిదో ఏట వచ్చాడు కాబట్టి ఆ లెక్కకి సరిపోతాడు.

ఇక నీ పని. మెడిసిన్‌కి యూకాస్ (యూనివర్సిటీ అప్లికేషన్లు తీసుకునే సంస్థ) గడువు అక్టోబరు 15, సాయంత్రం ఆరు గంటలు. మిగతా చాలా కోర్సులవాళ్లకి జనవరి దాకా టైముంటుంది, నీకు ఉండదు. మీ సిక్స్త్ ఫారం (ఇంటర్ స్థాయి స్కూలు) వాళ్లు రిఫరెన్స్ రాసి, ప్రిడిక్టెడ్ గ్రేడ్లు, అంటే నీకు ఏం వస్తుందో వాళ్ల అంచనా, వేసి పంపాలి కాబట్టి స్కూలు పెట్టుకునే గడువు ఇంకా ముందుంటుంది. అది సెప్టెంబరులోనే ఉండొచ్చు, ఇప్పుడే కనుక్కో. ప్రిడిక్టెడ్ గ్రేడ్లు ఎక్కువగా ఇయర్ 12 (ఇంటర్ మొదటి ఏడాది లాంటిది) చివరి పరీక్షలను బట్టే వేస్తారు. చాలాచోట్ల ఏలెవల్స్‌లో (ఇయర్ 13 చివర రాసే పరీక్షలు) మూడు ఏ గ్రేడ్లు అడుగుతారు, కెమిస్ట్రీ, బయాలజీ రెండూ ఉంటే దాదాపు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. కెమిస్ట్రీలో బీ ప్రిడిక్ట్ చేస్తే మిగతావి ఎంత బాగున్నా ముందుకి పోవడం కష్టం. ఈ వేసవి పరీక్షల్ని స్కూలు లోపలి పరీక్షలే కదా అని వదిలేయకు.

యూక్యాట్ గురించి నీకు సీనియర్లు చెప్పినదాంట్లో సగం పాతది. 2025 నుంచి అబ్‌స్ట్రాక్ట్ రీజనింగ్ అనే భాగం తీసేశారు. ఇప్పుడు మార్కులు 2,700కి. సీనియర్లు చెప్పే 2,800లు, 2,900లు పాత 3,600 లెక్కలోవి, వాటితో నీ స్కోరు పోల్చుకుని భయపడకు. బీమ్యాట్ అనే ఇంకో ప్రవేశ పరీక్ష 2023తో పోయింది, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ కూడా ఇప్పుడు యూక్యాటే అడుగుతాయి. పరీక్ష జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది, ఏడాదికి ఒక్కసారే రాయనిస్తారు, ఆ స్కోరు ఆ ఏడాది అప్లికేషన్‌కే పనికొస్తుంది. ఆగస్టు మొదటి సగంలో డేటు తీసుకో. అప్పుడు ఒంట్లో బాగోలేకపోతే మార్చుకోవడానికి వీలుంటుంది, ఇయర్ 13 చదువు మొదలయ్యేసరికి ఇది అయిపోతుంది.

అది తెలివి కొలిచే పరీక్ష అనుకుంటావేమో. తెలివితో పాటు వేగం కొలిచే పరీక్ష. వెర్బల్ రీజనింగ్‌లో 22 నిమిషాల్లో 44 ప్రశ్నలు. ప్రశ్నకి అర నిమిషం. ప్రతి పేరానీ శ్రద్ధగా మొదటి నుంచి చివరిదాకా చదివే అలవాటు నీది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అది మంచి అలవాటే, ఈ పరీక్షలో మాత్రం ముందు ప్రశ్న చదివి తరవాత పేరాలో వెతకడం నేర్చుకో. తప్పుకి మార్కు తగ్గించరు కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకు. తేలనిదానికి ఏదో ఒకటి పెట్టి, ఫ్లాగ్ చేసి ముందుకి వెళ్లు. యూక్యాట్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ప్రాక్టీస్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి, అసలు పరీక్ష స్క్రీనుకి దగ్గరగా ఉండేవి అవే. ఆరేడు వారాలు రోజూ గంటన్నర కూర్చుంటే చాలు. వందల పౌండ్ల కోచింగ్ అవసరమని నేననుకోను.

సిచ్యుయేషనల్ జడ్జ్‌మెంట్ భాగం దగ్గర మన పిల్లలు ఒక చోట తడబడతారు. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదని పెంచాం మిమ్మల్ని. ఆ ప్రశ్నల్లో ఒక కన్సల్టెంట్ (సీనియర్ డాక్టరు) చేతులు శుభ్రం చేసుకోకుండా పేషెంట్ దగ్గరికి వెళ్తుంటాడు, ఒక తోటి స్టూడెంట్ తాగి వార్డుకి వస్తాడు. నువ్వేం చేస్తావని అడుగుతారు. చూడనట్టు ఊరుకోవడం తప్పు జవాబు. నలుగురిలో కేకలేయడం కూడా తప్పే. పేషెంట్‌కి హాని జరగకుండా ముందు చూసుకుని, మర్యాదగా, నేరుగా ఆ మనిషితోనే మాట్లాడి, అవసరమైతే పైవాళ్లకి చెప్పాలి. డాక్టర్లకి రిజిస్ట్రేషన్ ఇచ్చే జీఎంసీ వాళ్ల గుడ్ మెడికల్ ప్రాక్టీస్ అనే గైడెన్స్ ఉంది, 2024లో కొత్తది వచ్చింది, పెద్దదేం కాదు. రెండుసార్లు చదువు. ఈ భాగానికి మార్కులుండవు, ఒకటి నుంచి నాలుగు దాకా బ్యాండ్లుంటాయి. బ్యాండ్ నాలుగు వచ్చినవాళ్ల అప్లికేషన్ కొన్ని యూనివర్సిటీలు చూడనే చూడవు.

యూక్యాట్‌లో నీకు కలిసొచ్చేది ఒకటుంది. పరీక్ష రాసిన వెంటనే స్కోరు చేతికిస్తారు. అంటే స్కోరు తెలిశాకే యూనివర్సిటీలు ఎంచుకోవచ్చు. అసలైన నిర్ణయం ఇదే, దీనికి మూడు వారాలు పట్టినా పరవాలేదు. యూకాస్‌లో ఐదు చాయిస్‌లుంటాయి, మెడిసిన్‌కి నాలుగే వాడాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెంటికీ ఒకే ఏడాది అప్లై చేయకూడదు. మీ నాన్న నాకు పంపిన లిస్టు చూశాను. ఆక్స్‌ఫర్డ్, ఇంపీరియల్, యూసీఎల్, కింగ్స్. పేర్లు చూసి రాసిన లిస్టు అది. నువ్వు దేశం మారి వచ్చిన మూడేళ్లలోపే జీసీఎస్ఈలు రాశావు. తొమ్మిదికి ఏడులు, ఎనిమిదులు వచ్చాయి, ఇంగ్లిష్‌లో ఆరు వచ్చింది. నాకు అది గొప్ప విషయమే. కానీ ఆక్స్‌ఫర్డ్ షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు జీసీఎస్ఈలనీ యూక్యాట్‌నీ కలిపి చూస్తుంది, అక్కడ తొమ్మిదుల వరసతో వచ్చే పిల్లలు ఎక్కువ. బ్రిస్టల్ ఇటీవలి ఏళ్లలో కనీస గ్రేడ్లున్నవాళ్లలో యూక్యాట్‌ని బట్టే ఇంటర్వ్యూకి పిలుస్తోంది. నీకు యూక్యాట్ బాగా వస్తే అలాంటి చోట్లు వెతుక్కోవాలి. మామూలుగా వస్తే, యూక్యాట్‌లో ఒక కనీస గీత పెట్టి ఆపైన ఏలెవల్ ప్రిడిక్షన్లకో, మిగతావాటికో విలువనిచ్చే చోట్లు వెతకాలి. ఇంగ్లిష్‌లో ఆరు చాలునా, ఏడు కావాలా అన్నదీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మెడికల్ స్కూల్స్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అన్ని స్కూళ్ల నిబంధనలూ ఒకచోట ఉంటాయి. అక్కడ మొదలుపెట్టి ప్రతి స్కూలు సొంత పేజీ చదువు. ఇవి ఏటా మారతాయి, మీ స్నేహితురాలి అక్క చెప్పింది రెండేళ్ల కిందటి మాట.

పేరున్న స్కూల్లో చదవకపోతే ఏమవుతుందన్న భయం మీ నాన్నది. ఏమీ కాదు. నా ప్రాక్టీస్‌కి వచ్చే పేషెంట్లెవరూ నేను ఎక్కడ చదివానని అడగలేదు. ఇప్పుడు చివర్లో అందరూ మెడికల్ లైసెన్సింగ్ అసెస్‌మెంట్ అనే ఒకే పరీక్ష రాయాలి. ఆ తరవాత రెండేళ్ల ఫౌండేషన్ ట్రైనింగ్‌కి ఊళ్లు కేటాయించేటప్పుడు కూడా 2024 నుంచి మార్కులు చూడటం మానేశారు. నీ ఇష్టాలు రాసిస్తే కంప్యూటర్ తన వరసలో పంచుతుంది. లండన్‌లో చదివిన అమ్మాయికి స్కాట్లండ్ చివరన ఉద్యోగం రావచ్చు. నేనైతే స్కూలు పేరు పక్కనపెట్టి చదువు చెప్పే పద్ధతి చూడమంటాను. మాంచెస్టర్ లాంటి చోట్ల చిన్న గ్రూపుల్లో ఒక కేసు తీసుకుని పిల్లలే చర్చించి నేర్చుకుంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో మొదటి మూడేళ్లు ఎక్కువగా సైన్సే, కోర్సు ఆరేళ్లు. ఎవరో ఒకరు వరసగా పాఠం చెప్తేనే నీకు తలకెక్కుతుంది, గ్రూపులో నువ్వు గొంతు తెరవవు. అది ఆలోచించుకో. ఓపెన్ డేకి వెళ్లి రెండో ఏడాది పిల్లల్ని అడుగు, వాళ్లు నిజం చెప్తారు.

పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 ప్రవేశాల నుంచి మారింది. ఒకే వ్యాసం బదులు మూడు ప్రశ్నలు: ఈ కోర్సు ఎందుకు, నీ చదువు దీనికి నిన్నెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది. మొత్తం కలిపి ఖాళీలతో సహా 4,000 అక్షరాలు, ఒక్కో జవాబు కనీసం 350. నువ్వు పంపిన డ్రాఫ్టులో చిన్నప్పటి నుంచీ డాక్టర్ కావాలని కలగన్నానని రాశావు. తీసేయి. వేల మంది రాసే వాక్యం అది, నీ గురించి ఏమీ చెప్పదు. దాని బదులు నాయనమ్మ వచ్చినప్పుడు జరిగింది ఎందుకు రాయలేదు? జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర ఆవిడకి నువ్వే తెలుగులో చెప్పావు. మనవరాలి ముందు చెప్పలేక ఆవిడ తన అసలు బాధ దాచిపెట్టింది, తరవాత ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాక బయటపెట్టింది. ఇంట్లోవాళ్లు అనువాదం చేస్తే ఏం పోతుందో, ఇక్కడ ఇంటర్‌ప్రెటర్ ఎందుకు పెడతారో పదహారేళ్లకే కళ్లారా చూశావు. నాలుగు వాక్యాల్లో అది రాయి, ఆవిడ జబ్బు వివరాలు లేకుండా. ఏఐతో రాయించకు, ఎవరిదీ చూసి రాయకు. యూకాస్ ప్రతి స్టేట్‌మెంటునీ పాతవాటితో పోల్చి చూస్తుంది. పైగా ఇంటర్వ్యూలో దాంట్లోంచే అడుగుతారు.

వర్క్ ఎక్స్‌పీరియన్స్ కోసం ఎన్‌హెచ్‌ఎస్ హాస్పిటల్లో సర్జన్ వెనక నిలబడాలని తాపత్రయపడుతున్నావు. అక్కర్లేదు. అది అందరికీ దొరకదని యూనివర్సిటీలకి తెలుసు. మీ ఊళ్లో కేర్ హోంలో ఆదివారాలు వాలంటీర్‌గా చేరు. డిమెన్షియా ఉన్న మనిషికి ఓపిగ్గా టీ తాగించడం, చెప్పిందే పదిసార్లు చెప్తే పదిసార్లూ వినడం. ఆర్నెల్లు చేస్తే ఈ ఉద్యోగం నీకు సరిపడుతుందో లేదో నీకే తెలుస్తుంది. వేసవిలో గుంటూరు వెళ్లి మావయ్య నర్సింగ్ హోంలో రెండు వారాలు ఉంటానన్నావు, ఉండు. అక్కడ ఓపీలో డాక్టరు ఒక పేషెంట్‌తో ఎన్ని నిమిషాలు మాట్లాడతాడు, డబ్బు మాట ఎక్కడ వస్తుంది, కబురు ముందు ఎవరికి చెప్తారు, ఇవన్నీ గమనించు. రోజూ రాత్రి ఒక పేజీ రాసుకో, పేషెంట్ల పేర్లు మాత్రం రాయకు. జీపీల సంస్థ ఆర్‌సీజీపీ వాళ్ల అబ్జర్వ్ జీపీ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సు కూడా ఉంది, జీపీ పని అంటే ఏమిటో చూపిస్తుంది.

ఇంటర్వ్యూలు ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి దాకా. చాలాచోట్ల ఎమ్మెమ్ఐ, అంటే వరసగా స్టేషన్లనే చిన్న చిన్న ఇంటర్వ్యూలు, ఒక్కోదానికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో మాత్రం ట్యూటర్లు కూర్చుని ఎక్కువగా సైన్సు ప్రశ్నలే అడుగుతారు, నువ్వు పైకి ఎలా ఆలోచిస్తావో చూస్తారు. ఎమ్మెమ్ఐలో మన పిల్లలు ఎక్కడ పోగొట్టుకుంటారో చెప్తాను. ఒక స్టేషన్‌లో నటి ఉంటుంది, ఏదో కష్టం వచ్చి ఏడుస్తుంటుంది. మనవాళ్లు కుర్చీలో కూర్చోగానే పరిష్కారాలు మొదలుపెడతారు. ఇలా చేయండి, అలా చేయండి, దిగులు పడకండి. ఒక్క నిమిషం ఆగి ఏం జరిగిందని అడగరు. ఆగు, అడుగు, విను. ఆవిడ మాట్లాడటం ఆపితే నువ్వు కూడా కాసేపు ఊరుకో. కంఠతా పట్టిన జవాబు బల్లకి అవతల కూర్చున్న మాకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. అందుకే నాతో జవాబులు బట్టీ పట్టించమని అడగొద్దు. వారానికోసారి వీడియో కాల్‌లో నీకు తెలియని ప్రశ్నలు అడుగుతాను, అది చాలు. మీ లైబ్రరీలోనో కేర్ హోంలోనో కొత్తవాళ్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడటం అలవాటు చేసుకో.

ఎథిక్స్ ప్రశ్నల్లో నీకు పూర్తిగా కొత్తగా అనిపించేది, పెద్దయిన పేషెంట్ తన సంగతి తనే నిర్ణయించుకుంటాడన్నది. మన దగ్గర తాతకి క్యాన్సర్ అని తెలిస్తే కొడుకులకి చెప్తారు, తాతకి చెప్పరు. ప్రేమతోనే అలా చేస్తారు. ఇక్కడ డాక్టరు తాతనే అడగాలి, మీకెంత తెలుసుకోవాలనుంది, ఇంట్లో ఎవరికి చెప్పమంటారని. 2015లో మాంట్‌గోమరీ కేసులో సుప్రీం కోర్టు ఇంకా ముందుకెళ్లింది. మధుమేహం ఉన్న గర్భిణికి కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం ఉందని చెప్పలేదు, బిడ్డకి శాశ్వతంగా నష్టం జరిగింది. ఆ పేషెంట్ స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పి తీరాలని కోర్టు తేల్చింది. పదహారేళ్లలోపు పిల్లలకి అర్థం చేసుకునే శక్తి ఉంటే వాళ్ల సమ్మతి చాలన్న 1985 నాటి గిల్లిక్ తీర్పు కూడా తెలుసుకో. పదిహేనేళ్ల అమ్మాయి అమ్మకి చెప్పొద్దని గర్భనిరోధక మాత్రలు అడిగితే ఏం చేస్తావన్న ప్రశ్న చాలాచోట్ల వస్తుంది. అమ్మ ముందు ఆ ప్రశ్నకి జవాబు ప్రాక్టీస్ చేయడానికి సిగ్గుపడతావు. నా దగ్గర చెయ్యి. రెండు పక్కలా ఆలోచించి, ఆ పిల్ల అర్థం చేసుకునే శక్తిని ఎలా చూస్తావో, ఎవరైనా బలవంతం చేస్తున్నారేమోనని ఎలా కనుక్కుంటావో పైకి చెప్పగలిగితే చాలు.

హైదరాబాద్ నుంచి మీ బాబాయి కొడుకు కూడా అడిగాడట. వాడికి ఈ ముక్క చెప్పు. సీబీఎస్ఈ మార్కుల్ని చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి, రాష్ట్ర ఇంటర్ బోర్డు మార్కుల విషయంలో ఒక్కోచోట ఒక్కో మాట ఉంటుంది, ముందే ఈమెయిల్ రాసి అడగాలి. ఫీజు పూర్తిగా ఓవర్సీస్. తిరిగొచ్చి ఇండియాలో ప్రాక్టీస్ చేయాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా, వెళ్లేముందు నీట్‌లో క్వాలిఫై అయి ఉండాలి. ఇక్కడ డొనేషన్ సీటు అనేది లేదు. బ్రిటన్‌లో మెడిసిన్ సీటు ఇప్పిస్తానని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దను.

ఐదో చాయిస్‌లో బయోమెడికల్ సైన్స్ పెట్టాలా అని అడిగావు. ఆ చదువు నీకు నిజంగా ఇష్టమైతేనే పెట్టు. దాంట్లో చేరి తరవాత మెడిసిన్‌కి మారొచ్చనే ఆశ మీద పెట్టకు, అలా మారే దారులు బాగా ఇరుకు. డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్ ఎంట్రీ ఉంది, నాలుగేళ్లు, పోటీ మామూలు దానికంటే ఎక్కువ.

నాలుగు చోట్లా కాదన్నారనుకో. చాలామందికి అవుతుంది, వాళ్లలో ఎంతోమంది మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేసి చేరారు. ఏలెవల్స్ చేతిలో పెట్టుకుని, కేర్ హోంలోనో ఫార్మసీలోనో ఉద్యోగం చేస్తూ, యూక్యాట్ మళ్లీ రాస్తే ఆ ఏడాది ఎటూ పోదు. పైన చెప్పిన నవంబరు లెక్క నిజమైతే నీకు ఆ ఏడాది ఎలాగూ కావాల్సిందే. అమ్మ మాత్రం గుడిలోనూ ఫంక్షన్లలోనూ నలుగురూ ఏమంటారోనని దిగులు పడుతుంది. దానితో నేను మాట్లాడతాను, అది నాకొదిలేయి.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి రెండు. యూక్యాట్ బుకింగ్ ఎప్పుడు తెరుస్తారో చూసి ఆగస్టులో స్లాట్ పట్టుకో. మీ జీసీఎస్ఈ సర్టిఫికెట్, వీసా తేదీలు ఫోటో తీసి నాకు పంపు. ఈ శనివారం క్లినిక్ అయ్యాక కూర్చుని ఏయే స్కూళ్లు నీకు సరిపోతాయో చూసి పెడతాను, స్కోరు వచ్చాక ఆ లిస్టుని ఇద్దరం కలిసి సరిచేద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ